మూత పెట్టిన బిందెలు

తాళంచెవి మల్లవ్వ చేతిలో పెట్టేటప్పుడు రత్నాబాయి చెయ్యి వణకలేదు. వణుకుతుందనే అనుకుంది. కూతురు సురేఖ పుట్టినప్పటి నుంచీ ఆమె భయపడని రోజంటూ లేదు. పాలు తాగితే పొలమారుతుందేమోనని, బడికి పోతే బొంబాయి ఫోరస్ రోడ్ దాటేటప్పుడు టాక్సీ గుద్దుతుందేమోనని, నిద్రపోతే ఊపిరి ఆడుతోందో లేదోనని. ఇన్నేళ్ళు అంతలా భయపడ్డ మనిషికి నిన్న, గురువారం సాయంత్రం, నిజంగానే టెలిగ్రాం వచ్చింది. గంగాఘాట్ ఊళ్ళో గోదావరి మెట్ల మీద సురేఖ చెప్పులు దొరికాయి, మనిషి జాడ లేదు, వచ్చి చెప్పులు గుర్తుపట్టవలసింది. అది విన్న దగ్గర్నుంచీ లోపల ఏమీ కదలడం లేదు. పన్ను పీకేముందు సూది వేసిన దవడలా ఒళ్ళంతా మొద్దుబారి ఉంది.

“నువ్వు నిమ్మళంగ పోయిరా అక్కా. ఖోలీ నేను సూస్కుంట. పొద్దుగాల నళ్లకు నీళ్లొస్తే మీ డ్రమ్ము సుత నింపుత,” అంది మల్లవ్వ.

వరస గదుల ఆ చాళ్‌లో మల్లవ్వది గోడ అవతలి ఖోలీ, ఒంటిగది. మహబూబ్‌నగర్ దగ్గర సొంతూళ్ళో అక్క చచ్చిపోయిందని సోమవారం వెళ్ళి, ఈ ఉదయమే తిరిగొచ్చింది. వస్తూనే రత్నాబాయిని వాటేసుకుని గ్యాలరీ అంతా వినబడేలా ఏడ్చింది. ఏడుస్తూనే మిశ్రి రాసుకున్న వేలు గుమ్మం చెక్కకి తుడిచింది. కాల్చిన పొగాకు పొడితో పళ్ళు తోముకోవడం, నల్లబడిన వేలిని దొరికిన చోట తుడవడం ఆమెకి ఎప్పటి నుంచో అలవాటు. ఆ గుమ్మం నిండా ఆమె వేలి గీతలే. మామూలప్పుడైతే రత్నాబాయి తిట్టేది. ఇవాళ చూసి ఊరుకుంది.

“తలుపు తీసే ఉంచు మల్లవ్వా. మూసుంటే మందికి అనుమానమైతది.”

“గా మాట నాకు చెప్పాల్నా?”

చాళ్‌లో పగటిపూట తలుపు మూసే ఇల్లు లేదు. మూస్తే లోపల ఏదో జరిగినట్టే.

ఆమెతో పాటు ప్రయాణానికి సిద్ధమై మెట్ల కింద శంకర్రావు నిలబడి ఉన్నాడు. గ్రాంట్ రోడ్ స్టేషన్ ఎదుట ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని డిటెక్టివ్ ఆఫీసు నడిపే మనిషి. పుట్టింది ఈ కామాటిపురా గల్లీలోనే. ఆయన తాత, రత్నాబాయి మామగారి తండ్రి ఒకే ముఠాలో రాళ్ళు మోశారు.

“ఒక్క మాట చెల్లె,” అన్నాడు బయటికి నడుస్తూ. “సురేఖ గంగాఘాట్‌ల ఉందని చాళ్ల ఎవలెవలకు ఎర్క?”

“నిన్న టెలిగ్రాం వచ్చెదాంక ఎవ్వలకు తెల్వదన్నా. పూణేల హాస్టల్ అని చెప్పిన అందరికి. దిష్టి తగులుతదని.”

“ఒక్కలకు సుత చెప్పలే?”

“మల్లవ్వకు చెప్పిన. నాకేమన్నా అయితే పోరికి కబురు చేసెటోళ్లు ఉండాలె గద.”

శంకర్రావు తల ఊపాడు. ఒకసారి వెనక్కి తిరిగి మల్లవ్వ ఉన్న గ్యాలరీ వైపు చూశాడు.

రత్నాబాయి ఆ ఊరిని ఏరి కోరి ఎంచుకుంది. నది పక్కన కాలేజీ, కాలేజీ వెనక ప్రొఫెసర్ కాలనీ. కాకి అరిస్తే తప్ప చప్పుడు ఉండదని సురేఖ చెప్పిన రోజు, ఆమె కంటినిండా నిద్రపోయింది. కానీ దీపావళి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు సురేఖ చూడకూడనిది చూసింది. దుర్గయ్య అనే లేబర్ మేస్త్రీ, కూలిపనికని పాలమూరు నుంచి తీసుకొచ్చిన ఎల్లమ్మ అనే పిల్లని ఒక ఇంట్లో బేరం పెట్టి అప్పగిస్తుంటే చూసింది. చూసి ఊరుకోలేదు, పోలీసులకు చెప్పింది. ఎల్లమ్మ బయటపడింది. దుర్గయ్య బెయిలు మీద తిరుగుతున్నాడు. సోమవారం కోర్టులో సురేఖ సాక్ష్యం. అది చెబితే దుర్గయ్య లోపలికి పోతాడు. చెప్పకపోతే కేసే లేదు.

చప్పుడు లేని చోట ఉంటే కూతురు బతుకుతుందనుకుంది రత్నాబాయి. మన్మాడ్‌లో బండి మారేటప్పుడు కూడా ఆమె తలలో అదొక్కటే తిరిగింది. ఏడుపు మాత్రం రాలేదు.

*

శనివారం మధ్యాహ్నం ప్రొఫెసర్ కాలనీలో వాళ్ళు రిక్షా దిగేసరికి, సురేఖ అద్దెకున్న ఇంటి గేటు దగ్గర వాళ్ళకంటే ముందే ఒకడు నిలబడి ఉన్నాడు. తెల్ల ప్యాంటు, చంకలో గొడుగు. పక్కన ఊరి కానిస్టేబుల్, అతని చేతిలో పాత పేపరు పొట్లం.

“రా వదినె, రా. నీ కోసమే నిలబడ్డ,” అన్నాడు గొడుగు మనిషి. “ఆకారం చూడు, ఎట్లయిపోయినవ్!”

అతను శివరాం. బొంబాయి నాగ్‌పాడాలో కొన్నాళ్ళు పోలీసు హవల్దారుగా చేసి మానేశాడు. ఇప్పుడు శంకర్రావు చేసే పనే తనూ చేస్తున్నాడు. శంకర్రావు దగ్గరికి పోలేనివాళ్ళు, పోకూడనివాళ్ళు ఇతని దగ్గరికి పోతారు.

“నువ్వెట్లొచ్చినవ్ హవల్దార్?” అన్నాడు శంకర్రావు.

“మన గల్లీ బిడ్డ నీళ్లల్ల పోతే రాకుంట ఉంటనా? పెద్దమనుషులు పంపిన్రు. తల్లికి ఆసరాగ ఉండుమన్నరు.”

“ఆ పెద్దమనుషులల్ల దుర్గయ్య పేరు మొదటిదా, చివరిదా?”

శివరాం పళ్ళు కనబడేలా నవ్వాడు. “శంకర్రావ్ సాబ్‌కు జోకులు బాగొస్తయ్. వదినె, గా చెప్పులు జెర చూడు. నీ పోరివేనని ఒక్క సంతకం పెట్టు. ఠాణాల ఫౌజ్దార్ సాబ్ కాయితం రెడీ చేసిండు. పీనుగ కోసం దిగువకు కబురు చేసిన్రు, దొరికితే దొరుకుతది. నువ్వు సాయంత్రం బండికి ఇంటికి పోవచ్చు.”

కానిస్టేబుల్ పొట్లం విప్పాడు. రత్నాబాయి చూసింది. తోలు చెప్పులు, మడమ దగ్గర కుడివైపు అరిగినవి. సురేఖ చిన్నప్పటి నుంచీ కుడివైపే ఎక్కువ తొక్కి నడుస్తుంది. చెప్పులు కూతురివే. ఆ సంగతి, పక్కింట్లో పాలు పొంగాయన్న సంగతిలా, ఎక్కడో దూరంగా వినబడింది.

“మా పోరివే,” అంది.

శివరాం పెన్ను అందించాడు. ఆమె అందుకుంది.

“ఆగు చెల్లె,” శంకర్రావు ఒక చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. “ఈ బొటనవేలి పట్టీ ఎప్పుడు తెగింది?”

“జారిపడ్డప్పుడు తెగి ఉంటది,” అన్నాడు శివరాం. “మెట్ల మీద పాకర ఉంది. పోయి చూసి రా కావాల్నంటే.”

“నిన్నడుగలే.”

“దీపావళికి తెగిందన్నా,” అంది రత్నాబాయి. “మా చాళ్ మెట్ల మీదనే. తెగిన చెప్పులు శుభం కాదు, పారెయ్యమన్న. కొత్తయి కొనిచ్చిన. వినకుంట, కాలేజీ కాడ మోచీతోని కుట్టిచ్చుకుంట అని పాతయి సంచిల వేస్కపోయింది.”

“కుట్టిచ్చిందా?”

ఆమె చెప్పు తిప్పి చూసింది. తెగిన అంచులో పాత దుమ్ము గడ్డకట్టి ఉంది. “లేదు.”

“అంటే ఈ చెప్పు తొడుక్కుని రెండడుగులు సుత నడవలేరు. ఈడ్నించి గోదారి మెట్ల దాంక ఎంత దూరం, కానిస్టేబుల్ భావూ?”

“కాలేజీ అంతా దాటాలె సాబ్.”

“నడుచుడు కుదరని చెప్పులు అంత దూరం పోయినయంటే చేతిల పట్టుకపోయి పెట్టిన్రన్నట్టే. కొత్తయి కాళ్లకేసుకుని, పాతయి మెట్ల మీద పెట్టి పోయిన పిల్ల చావనీకి పోలేదు. చచ్చిందనుకోవాలని పోయింది.”

రత్నాబాయి చేతిలో పెన్ను అలాగే ఉంది. సంతోషం రావాలి కదా అనుకుంది. రాలేదు. చావు వెనక నిలబడ్డ ఇంకో భయం మెల్లగా తల బయటపెట్టింది, అంతే.

“చెప్పులు చూసి జాతకం చెప్పెటోణ్ణి ఇయ్యాల్నే చూస్తున్న,” అన్నాడు శివరాం. నవ్వు మాత్రం తగ్గింది. “ఇంకోడు పట్టుకపోయి పెట్టొచ్చు గద? పోరిని నీళ్లల్ల తోసి.”

“పెట్టొచ్చు. అందుకే ఖోలీ చూడాలె.”

*

ఇంటామె రాములమ్మ. కాలేజీలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక చనిపోయిన పంతులుగారి భార్య. ముందు ఇల్లు ఆమెది, వెనక గది సురేఖది. వెనక గదికి నది వైపు సందులోకి వేరే తలుపు ఉంది. ఆమె కుర్చీలు వేసింది, కానీ ఎవరూ కూర్చోలేదు.

“సురేఖను చివరిసారి ఎప్పుడు చూసిన్రమ్మా?” అడిగాడు శంకర్రావు.

“మంగళారం పగలు. కాలేజీకి పోతున్న ఆజీ అన్నది, నాయనమ్మ లెక్క నన్ను ఆజీ అనే పిలుస్తది. సాయంత్రం చెప్పులు దొరికినయని ఊళ్లె మాట. అయి మా పోరివి అని నాకు ఎట్ల తెలుస్తది? మొన్న బేస్తారం మధ్యాన్నం కాలేజీల కనుక్కొని పోలీసోళ్లు వచ్చేదాంక నాకు తెల్వనే తెల్వదు. అప్పుడే తాళం ఏసిన్రు.”

“మంగళారం నుంచి బేస్తారం దాంక పిల్ల కనబడకుంటే పోయి చూడలేదా?”

రాములమ్మ ముఖం ఎర్రబడింది. “బాబూ, ఇది కాలనీ. ఎవ్వలింట్లకు ఎవ్వలు తొంగి చూడరు. చూస్తే మర్యాద కాదు. పరీచ్చలున్నయి, చదువుకుంటుందనుకున్న.”

రత్నాబాయికి మాట తెలియకుండానే వచ్చింది. “మా చాళ్ల పోరి తుమ్మితే నాలుగు ఖోలీలోళ్లు సల్లంగుండు అంటరమ్మా. నేనే పిచ్చిదాన్ని. ఆ చూపులు పడొద్దనే ఈడికి తోలిన.”

బయట నిజంగానే కాకి అరిచింది.

“చదువుకుంటుందని ఎందుకనుకున్నరు?” శంకర్రావు వదల్లేదు.

“తెల్లారక ముందే నీళ్లు పట్టిన సప్పుడు ఇనబడె. పెందలకడ లేస్తుంది, మంచిగ చదువుతుంది అనుకున్న.”

“ఏ పొద్దు?”

“బుధారం పొద్దుగాల. బేస్తారం పొద్దుగాల సుత.”

“ముసలామెకు రోజులు కలిసిపోతున్నయ్,” అన్నాడు శివరాం. “మంగళారం నీళ్లల్ల పోయిన మనిషి బేస్తారం నీళ్లెట్ల పడుతది?”

“రోజులు నాకు కలువవు నాయనా!” రాములమ్మ గొంతు పెంచింది. “బుధారం మధ్యాన్నం ట్యాంకు కడిగిచ్చిన. బ్లీచింగ్ పొడి పోయిచ్చిన. అగో, మనిషి ఎక్కువ పోసిండు, ఇప్పటికీ నళ్ల నీళ్లు వాసనొస్తున్నయ్. బేస్తారం పొద్దుగాల సప్పుడు ఇని, అయ్యో పోరికి వాసన నీళ్లు తాగొద్దని చెప్పకపోతినే అనుకున్న.”

శంకర్రావు కానిస్టేబుల్ వైపు తిరిగాడు. “తాళం తియ్యి భావూ.”

గది చిన్నది. మంచం, బల్ల, పుస్తకాలు, గోడకి అద్దం. వంట చేసుకునే మూలలో గిన్నెలు. రత్నాబాయి గుమ్మంలో నిలబడి చూసింది. సంచి కనబడలేదు. పక్క దులిపి వేసి ఉంది. ఇత్తడి బిందె, స్టీలు బిందె, బకెట్టు, అన్నం వండే గిన్నె, పప్పు గిన్నె, టిఫిన్ డబ్బా గిన్నెలు, చెంబు, అన్నీ వరసగా అంచుదాకా నీళ్ళు. ప్రతిదాని మీదా పళ్ళెమో మూతో బోర్లించి ఉంది. ఎలకలు పడకుండా మూతల మీద బరువులు. గుడ్డపీలిక చుట్టిన రోకలి ఒకదాని మీద, లావుపాటి పుస్తకం ఒకదాని మీద. బిడ్డ ఇల్లు శుభ్రంగా పెట్టుకుంది అనుకుంది ఆమె. ఆ ఒక్క క్షణం గుండెకి కాస్త హాయిగా కూడా అనిపించింది.

“ఈ ఖోలీల నీకేమన్న తేడాగ కొడుతుందా చెల్లె?”

“ఏం లేదన్నా. మనింట్ల ఉన్నట్టే ఉంది.”

“మనింట్ల ఉన్నట్టే ఉంది,” శంకర్రావు ఆ మాటే మళ్ళీ అన్నాడు, నెమ్మదిగా. “రాములమ్మగారూ, మీ నళ్ల నీళ్లు ఎప్పుడొస్తయ్?”

“ఎప్పుడొచ్చుడేంది? తిప్పితే వస్తయ్. రాత్రింబవళ్లు వస్తయ్.” ఆమె అప్పటికే లోపలికి వచ్చి బిందెలకేసి వింతగా చూస్తోంది. “ఇన్ని నీళ్లెందుకు పట్టింది ఈ పోరి? కొత్తల గిట్లనే చేస్తుండె. చీకట్ల లేసి, గ్లాసులు సుత వదలకుంట నింపుతుండె. గంగ ఎండిపోతదా పోరీ అని నవ్విన. నెల తిరిగేసరికి మానింది. ఇప్పుడు చెంబెడు నీళ్లు సుత పట్టి పెట్టది. దూపయితే నళ్ల కింద దోసిలి పడ్తది.”

రత్నాబాయి చేతిలోంచి పెన్ను జారింది. తన కళ్ళ ముందే ఉన్నది తనకి కనబడలేదు. బొంబాయిలో తెల్లవారుజామున గంట సేపు వచ్చే నీళ్ళ కోసం లేచి, ఇంట్లో ఉన్న గిన్నె గిన్నెనీ నింపి మూతపెట్టడం ఆమెకి ఊపిరి పీల్చడం లాంటిది. ఊపిరి తేడాగా కనబడుతుందా ఎవరికైనా?

శంకర్రావు స్టీలు బిందె మూత తీసి వంగి వాసన చూశాడు. కానిస్టేబుల్‌ని చూడమన్నాడు. అతను ముక్కు ముడిచి, “బ్లీచింగ్,” అన్నాడు. రత్నాబాయి చెంబెత్తి ఒక గుక్క తాగింది. నాలుక మీద ఆసుపత్రి వరండా రుచి.

“బుధారం మధ్యాన్నం పొడి పోసిన్రు. అంటే ఈ నీళ్లు పట్టింది బేస్తారం పొద్దుగాల,” అన్నాడు శంకర్రావు. “సురేఖ అప్పటికే లేదు. ఈ ఊరోళ్లకు ఈ అవసరం లేదు. మన చాళ్లల్ల బతికిన మనిషి ఎవరో ఈ ఖోలీల కూసుని, ఆ పిల్ల తిరిగొస్తదేమోనని చూసిన్రు. చూసుకుంట కూసున్నోళ్లు, తెల్లారంగనే అలవాటు కొద్ది లేసి నీళ్లు నింపిన్రు.”

“ఏందీ!” శివరాం గొడుగు గోడకి ఆనించి ముందుకొచ్చాడు. “నీళ్లు సాక్ష్యం చెప్తయా? కోర్టుల బిందెను బోనులెక్కిస్తవా?” అని పాదంతో ఇత్తడి బిందెని తోశాడు. బిందె దొర్లింది. మూత గణగణమంటూ గుమ్మం దాకా పోయింది. గదంతా నీళ్ళు. రెండో బిందె మీద కాలు వేయబోతే శంకర్రావు అతని చొక్కా పట్టుకున్నాడు.

“మంచిగైంది,” అన్నాడు, గొంతు కొంచెం కూడా పెంచకుండా. “నీళ్లతోని ఏం కాదనుకునేటోడు నీళ్లు పారబొయ్యడు హవల్దార్. కానిస్టేబుల్ భావూ, నువ్వు చూసినవ్. వాసన సుత చూసినవ్.”

“చూసిన సాబ్,” అన్నాడు కానిస్టేబుల్. అతనికి శివరాం మీద అప్పటిదాకా ఉన్న మర్యాద పోయినట్టుంది.

“ఆ పొద్దు నేను బొంబాయిల ఉన్న! పదిమందిని తెచ్చి చెప్పిస్త.”

“నువ్వని ఎవలన్నరు? నువ్వు జన్మల బిందె ముట్టినవా?”

శివరాం చొక్కా విడిపించుకుని గొడుగు కూడా తీసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

నేల మీద నీళ్ళు తుడవాలనిపించి రత్నాబాయి గుడ్డ కోసం కిటికీ వైపు నడిచింది. అక్కడ ఆగిపోయింది. కిటికీ చెక్క మీద, చెయ్యి ఆనే ఎత్తులో, నల్లటి వేలి గీతలు. రెండు. ఒకదాని కింద ఒకటి.

“ఇదేం మసి?” అంది రాములమ్మ వెనక నుంచి. “సురేఖ గిట్ల పాడు చెయ్యదే!”

రత్నాబాయి వంగి వాసన చూడనవసరం లేదు. అయినా చూసింది. కాలిన పొగాకు. పదేళ్ళు పక్క గుమ్మంలో ఉండి పీల్చిన వాసన.

“అన్నా,” అంది. “మల్లవ్వ ఊరికి పోలే. సోమారం ఈడికి వచ్చింది.”

శంకర్రావు వచ్చి ఆ గీతలని వేలితో తాకి చూశాడు. ఆయనకి బొంబాయిలో మెట్లు దిగినప్పుడే అనుమానం ఉండి ఉంటుంది. “పైసలకో భయానికో, దుర్గయ్య మనుషులతోని వచ్చి ఉంటది,” అన్నాడు చివరికి. “సురేఖ సందుల వాళ్లను చూసి ముందే తప్పించుకున్నట్టుంది. మల్లవ్వను చూసిందో లేదో, అది తెలువది.”

“చూడలేదనుకో. అప్పుడు ఏడికి పోతది?”

“ఏ స్నేహితురాలి ఇంట్లనో రెండు మూడు రోజులు దాక్కుంటది. సోమారం కోర్టు. అంతకు ముందు...”

“ఇంటికొస్తది,” అంది రత్నాబాయి. “నా దగ్గరికి. నేను ఈడున్న. చావీ మల్లవ్వ దగ్గరుంది.”

*

టెలిగ్రాములిచ్చే తార్ ఆఫీసులో బొంబాయికి ఒకే ఫోను లైను. చెక్కతో చేసిన ఒకే ఫోన్ బూత్, అద్దం తలుపు. అన్నిటికంటే ముందు కలిపే మెరుపు కాల్ బుక్ చేయించి శంకర్రావు ఠాణాకి పరిగెత్తాడు. పోలీసుల వైర్‌లెస్ మీద బొంబాయి ఠాణాకి మాట చేరితే, అక్కడి నుంచి మనుషులు గల్లీకి వస్తారు. అదంతా ఎంతసేపు పడుతుందో ఆయనకే తెలియదు. “నువ్వు ఫోన్ కాడ్నించి కదలకు చెల్లె,” అన్నాడు.

పొద్దు వాలుతోంది. రత్నాబాయి బెంచీ చివర కూర్చుంది. గుమాస్తా పిలిచాడు. కలిసింది చాళ్ కింద ఇరానీ హోటల్ ఫోను. దాని పక్కనే పాన్ డబ్బా బుచ్చన్నది. ఆ ఫోను మోగితే ఎత్తేది అతనే.

“బుచ్చన్నా! నేను రత్నాబాయిని!”

“అక్కా!” బుచ్చన్న గొంతు సంతోషంతో పగిలిపోయింది. “నీకే టెలిగ్రాం ఇద్దామనుకుంటున్న! మీ సురేఖ వచ్చింది! సచ్చిపోలే అక్కా, నిలువెత్తు మనిషి, నడుచుకుంటొచ్చింది! నేను చూసి దయ్యమనుకున్న!”

“ఎప్పుడు?”

“ఇప్పుడే, జెరసేపైతుంది. నువ్వు లేవని చెప్తే ఏడ్చింది. మల్లవ్వ తాళం తీసి లోపలికి తీస్కపోయింది. అలిసిపోయింది, పండుకోనీ, ఎవ్వలు రావద్దని చెప్పింది.”

“బుచ్చన్నా, మా ఖోలీ తలుపు తీసుందా?”

అవతల రిసీవర్ దేనికో తగిలిన చప్పుడు. మెడ సాచి పైకి చూస్తున్నట్టుంది. “మూసుంది అక్కా,” అన్నాడు, ఈసారి మెల్లగా. “పట్టపగలు తలుపెందుకు మూసిన్రు?”

“మల్లవ్వ కిందికి దిగిందా? ఎవలనన్న పంపిందా?”

“దిగలే. సురేఖను ఇడిచి కదుల్తలేదు. చీకటి పడినంక బయటికి తీస్కపోత అన్నది, దవాఖానకో ఏడికో.”

రత్నాబాయికి ఎవర్ని పైకి పంపాలో తోచలేదు. బుచ్చన్న ఒక్కడు పోయి తలుపు కొడితే మల్లవ్వ ఏదో చెప్పి పంపేస్తుంది. కొట్లాడితే లోపల పిల్లని ఏం చేస్తుందో. తెరవమంటే తెరవదు. తనంతట తనే తెరవాలి. గొంతులో ఇంకా బ్లీచింగ్ రుచి ఉంది.

“బుచ్చన్నా,” అంది. “చాళ్ వాకిట్ల నిలబడి అరువు. నీళ్లొచ్చినయని అరువు.”

“ఏందక్కా? ఈ యాళ్లప్పుడు నీళ్లేడివి?”

“అరువు రా! నీ బిడ్డ మీద ఒట్టు, అరువు! అందరు బయటికొచ్చినంక ఆడోళ్లను తీస్కొని పైకి పో. సురేఖను పట్టుకొని కిందికి తీస్కరా. మల్లవ్వను ముట్టనియ్యకు!”

రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత దూరంగా బుచ్చన్న గొంతు, “నీళ్లొచ్చినయ్! నళ్లకు నీళ్లొచ్చినయ్! పాణీ ఆలా రే!” ఒక్క క్షణం ఏమీ లేదు. అప్పుడు మొదలైంది. ముందు ఒక బకెట్టు, తర్వాత పది, తర్వాత మొత్తం చాళ్. స్టీలు, ఇత్తడి, ప్లాస్టిక్కు, మెట్ల మీద కాళ్ళు, “జరుగు, నాదే ముందు” అంటూ తిట్లు. వందల మైళ్ళ అవతల తన చాళ్ ఉరుములా కదలడం ఆమె చెవులారా వింది. మల్లవ్వ కూడా బిందె పట్టుకుని గడియ తీసి ఉంటుంది. తియ్యకుండా ఉండలేదు. సురేఖ గదిలో, మల్లవ్వకే తెలియకుండా ఆమె చేతులు నింపిన బిందెలు రత్నాబాయికి గుర్తొచ్చాయి.

“మూడు నిమిషాలు అయింది బాయీ,” అన్నాడు గుమాస్తా, అద్దం మీద తట్టి.

“ఇంకో మూడు ఇయ్యి. ఇంకో మూడు. నేను బందు అనేదాంక ఇయ్యి.”

చప్పుడు తగ్గుతూ వచ్చింది. ఎవరో రిసీవర్ ఎత్తారు. ఊపిరి వినబడింది. రత్నాబాయి మాట్లాడలేదు. మాట్లాడితే ఆ ఊపిరి ఎవరిదో తెలిసిపోతుంది.

“అమ్మా?”

గోడకి తల ఆనించింది రత్నాబాయి. “ఏమన్నా తిన్నవా?” అంది.

“అమ్మా, దుర్గయ్య మనిషిని మా సందుల చూసిన, అందుకే చెప్పులు పెట్టి...”

“తెలుసు. నువ్వు ఖోలీలకు పోకు. ఆడోళ్ల నడుమ కూసో, బుచ్చన్న డబ్బా కాడ. పోలీసోళ్లొస్తరు. దుర్గయ్యకు నువ్వు బతికున్నవని ఇంకా తెల్వది.”

“మల్లవ్వ చిన్నమ్మ బిందె పట్టుకొని గ్యాలరీల నిలబడింది అమ్మా. ఆమెను అందరు తిడ్తున్నరు. ఏమైంది?”

రత్నాబాయి జవాబు చెప్పబోతూ తల ఎత్తింది. అద్దం అవతల, గుమాస్తా బల్ల దగ్గర, తెల్ల ప్యాంటు. శివరాం ఎప్పుడొచ్చాడో. ఆమె అరిచిన ప్రతి మాటా ఆ చెక్క బూత్‌లోంచి ఆఫీసంతా వినబడి ఉంటుంది. అతను గుమాస్తాకి చీటీ ఇచ్చి, ఆమె వైపు తిరిగి, మధ్యాహ్నం గేటు దగ్గర నవ్వినట్టే నవ్వాడు.

“నాగ్‌పాడా కాల్, శివరాం!” గుమాస్తా పిలిచాడు. “బాయీ, బయటికి రా. వాళ్ళకీ మెరుపు కాలే. లైను ఒక్కటే.”

శివరాం వచ్చి బూత్ తలుపు పిడి పట్టుకున్నాడు, పెద్దింటి కోడలికి దారి ఇస్తున్నంత మర్యాదగా. ఒక్క ఫోను వెళితే చాలు. ఎక్కడో ఒక మేస్త్రీకి, చచ్చిన సాక్షి ఇరానీ హోటల్ ముందు కూర్చుందని తెలిసిపోతుంది. పోలీసులు ముందు చేరతారో దుర్గయ్య ముందు చేరతాడో ఎవరికి తెలుసు?

రత్నాబాయి పుట్టి బుద్ధెరిగి పగటిపూట తలుపు గడియ వేయలేదు. బూత్ తలుపుకి లోపల చిన్న ఇనప గడియ ఉంది. వేసింది.

“అమ్మా, ఉన్నవా?”

“ఉన్న. మాట్లాడు.”

“ఏం మాట్లాడాలె?”

“ఏదన్న మాట్లాడు. ఆజీ గురించి చెప్పు. కాలేజీ గురించి చెప్పు. గోదారి ఎట్లుంటదో చెప్పు. ఆపకు.”

శివరాం అద్దం మీద వేలి మెటికలతో కొట్టాడు. తర్వాత అరచేత్తో. తర్వాత భుజంతో. గడియ మేకులు ఒక్కసారి కదిలాయి. రత్నాబాయి తలుపుకి వీపు ఆనించి, రిసీవర్‌ని రెండు చేతులతో పట్టుకుంది. అప్పుడు మొదలైంది ఆమె చేతుల్లో వణుకు.